ఎప్పటికీ పందొమ్మిదేళ్ల సాక్షి

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న ఆడపిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, చార్జిషీటు ఎలా చదవాలి, సాక్షిని ఎలా నిలబెట్టాలి అని అడుగుతుంటారు. అవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి, చదువుకోండి అంటాను. పుస్తకాల్లో లేనిది ఒకటి ఉంది. ముద్దాయిని అనుమానించడం లోకంలో అందరికీ వచ్చు, దానికి మీరక్కర్లేదు, ఎస్సై చాలు. మీరు అనుమానించాల్సింది మీ వైపు నిలబడ్డ వాళ్లని.

నేను మేజిస్ట్రేటు కోర్టులో అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా పనిచేశాను. పోలీసులు పెట్టిన కేసును ప్రభుత్వం తరఫున కోర్టులో నడిపించడం మా పని. గడువు కంటే ముందే నా అంతట నేనే బయటికి వచ్చాను. ఎందుకొచ్చానన్నది వేరే కథ, అందులో నీతి ఏమీ లేదు. ప్రమోషన్లు, బదిలీలు, సన్మానాల గురించి రాసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను తొంభైల నడుమ నడిపిన ఒక చిన్న కేసు గురించి రాస్తాను. పేపర్లలో రాలేదు, లా జర్నల్‌లోనూ రాలేదు. ఈ ఉద్యోగమంటే ఏమిటో మాత్రం నాకు దానివల్లే తెలిసింది.

ఇరవై ఏళ్ల గీత

శిక్షాస్మృతిలో 292, 293 అని పక్కపక్కనే రెండు సెక్షన్లు ఉంటాయి. అశ్లీల పుస్తకాలు ఎవరికి అమ్మినా నేరమని మొదటిది అంటుంది. ఇరవై ఏళ్లు నిండనివాళ్లకు అమ్మినా, అద్దెకిచ్చినా, చూపించినా అంతకంటే పెద్ద నేరమని రెండోది అంటుంది. శిక్ష కూడా పెద్దదే. కానీ శిక్ష కంటే పెద్దది ఆ మాట: పిల్లలకు అమ్మాడు.

ఇరవై అనే అంకె ఎక్కడినుంచి వచ్చిందని నేను చాలామందిని అడిగాను. ఎవరూ సరిగ్గా చెప్పలేదు. పద్దెనిమిదేళ్లకు ఓటు వేయవచ్చు. పద్దెనిమిదేళ్లకు ఆడపిల్లకు పెళ్లి చేయవచ్చు. ఆ పెళ్లికూతురు పందొమ్మిదో ఏట బిడ్డను ఎత్తుకుని వెళ్లి ఫలానా పుస్తకం కొంటే, అమ్మినవాడు పసిపిల్లకు అమ్మినట్టు లెక్క. నవ్వుకోండి. కానీ నేను ఆ చట్టం వద్దనే మనిషిని కాను. నాకూ ఆడపిల్ల ఉంది. చిన్నపిల్లల చేతికి అలాంటి చెత్త అందకూడదని ఏ తల్లి అయినా కోరుకుంటుంది. నా పేచీ చట్టంతో కాదు, దాన్ని చేతిలో పట్టుకుని తిరిగేవాళ్లతో.

ఒక విషయం గమనించండి. నా సర్వీసు మొత్తంలో, మా పిల్లవాడికి ఫలానావాడు ఇలాంటి పుస్తకం అమ్మాడని ఫిర్యాదు పట్టుకుని వచ్చిన తల్లినిగానీ తండ్రినిగానీ నేను చూడలేదు. ఒక్కరు కూడా రాలేదు. తెలిసినా రారు, పరువు. మరి ఫిర్యాదు లేకుండా, పిల్లవాడు లేకుండా 293 కేసులు ఎలా వచ్చేవి? దొరకని పిల్లవాణ్ని ఎవరో తయారుచేయాలి కదా.

ఊరేగింపు, దాని వెనక దాడి

ఆ ఏడు తార్నాక పక్కనున్న యూనివర్సిటీ క్యాంపస్‌లో కొందరు పెద్దలు కలిసి విలువల పరిరక్షణ పేరుతో ఒక సంఘం పెట్టారు. దానికి అధ్యక్షుడు ఒక ప్రొఫెసర్ గారు. విద్యార్థులు చెడిపోతున్నారని బ్యానర్లు పట్టుకుని క్యాంపస్ లోపలినుంచి తార్నాక చౌరస్తా దాకా ఊరేగింపు తీశారు. అదే చౌరస్తాలో గోడ నిండా 'పెద్దలకు మాత్రమే' అని రాసిన మార్నింగ్ షో సినిమా పోస్టర్లు. ఊరేగింపు వాటికింద నుంచే నడిచి వెళ్లింది. ఎవరూ తల ఎత్తలేదో, ఎత్తి చూసి దించుకున్నారో నాకు తెలియదు.

పెద్దలు అడిగాక పోలీసులు ఏదో ఒకటి చేసి చూపించాలి. ఆ వారంలోనే ఎస్సై భాస్కర్ క్యాంపస్ ప్రహరీ వెంట ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్ముకునే మల్లేశం మీద దాడి చేశాడు. మల్లేశం భువనగిరి వైపు మనిషి. వ్యవసాయం చాలక పట్నం వచ్చి, ఇంటరూ డిగ్రీ పాఠ్యపుస్తకాలు, గైడ్లు సగం ధరకు కొని అమ్మేవాడు. హబ్సిగూడ, తార్నాక పిల్లల్లో సగంమంది అతని దగ్గర పుస్తకాలు కొని చదివినవాళ్లే. మా పెద్దవాడు ఇంటర్ గట్టెక్కింది కూడా ఆ గైడ్లతోనే.

పంచనామాలో రాసింది ఇది: గోనెపట్టా కింద అశ్లీల పుస్తకాల కట్ట దొరికింది. సుమారు పందొమ్మిదేళ్ల నరేశ్ అనే యువకుడికి ముద్దాయి అందులో ఒకటి అమ్ముతుండగా పట్టుకున్నాం. దీనికి పంచ్ సాక్షి, అంటే దాడిని కళ్లారా చూసిన గౌరవనీయుడైన స్థానికుడు, అదే రోడ్డులో వీడియో లైబ్రరీ నడుపుతున్న సుధాకర్.

నరేశ్‌ను నేను అప్పటికే ఎరుగుదును. అంతకుముందు రెండు మూడు ఇలాంటి కేసుల్లో కోర్టు వరండాలో స్తంభానికి ఆనుకుని, తల దువ్వుకుంటూ కనిపించాడు. వాణ్ని బోనులోకి పిలిచే అవసరం ఎప్పుడూ రాలేదు. ఎందుకంటే ఈ కేసుల్లో ఒక ఆనవాయితీ ఉంది. ముద్దాయి సిగ్గుతో తలదించుకుని నేరం ఒప్పేసుకుంటాడు, జడ్జిగారు ఫైను వేస్తారు, అందరూ భోజనానికి వెళతారు. సాక్షి వయసెంతని అడిగే తీరిక ఎవరికీ ఉండదు. పోలీసు కాగితాల్లో 'సుమారు' అనే మాట ఒకటుంటుంది చూడండి, దాని కింద ఎంత పెద్ద ఏనుగునైనా దాచవచ్చు.

ఒకటి ఒప్పుకుంట, ఒకటి ఒప్పుకోను

మల్లేశం తలదించుకోలేదు. అక్కడే వచ్చింది చిక్కు.

జడ్జిగారు చార్జీలు చదివి, "నేరం ఒప్పుకుంటున్నావా?" అని అడిగారు.

"ఒకటి ఒప్పుకుంట సార్. ఒకటి ఒప్పుకోను."

కోర్టులో కునుకు తీస్తున్నవాళ్లు కూడా కళ్లు తెరిచారు.

"గోనె కింద గసోంటి పుస్తకాలు పెట్టిన మాట నిజమే సార్. లాడ్జీలల్ల ఉండెటోళ్లు, లారీ డ్రైవర్లు అడుగుతరు. పెండ్లాం పిల్లలు ఉన్నోళ్లు. అమ్మిన. తప్పే. గానీ పిల్లలకు అమ్మలే. గది మాత్రం ఒప్పుకోను."

అతని లాయరు చొక్కా పట్టుకుని లాగాడు. "ఏం మాట్లాడుతున్నవ్ మల్లేశం? రెండూ ఒప్పుకుంటే ఫైనుతోటి పోతది. లేకుంటే ఏండ్లు తిరుగుతవ్."

"ఏండ్లు తిరుగుత సార్. ఫైను కడత. జైలుకు పొమ్మన్నా పోత. నా దుకాణానికి వచ్చేదే పిల్లలు. పిల్లలకు బూతు పుస్తకం అమ్మిండు అని కోర్టు రాస్తే, రేపు ఏ తల్లి పంపుతది నా తానకు? నా బిడ్డ గీడనే డిగ్రీ చదువుతున్నది. దాన్ని ఏమంటరు?"

జడ్జిగారు కళ్లజోడు తీసి తుడుచుకుని, మొదటి నేరం ఒప్పుకున్నట్టు రాసుకుని, రెండో దానికి విచారణ పెట్టారు.

నేను ముద్దాయిల మాటలకు కరిగే రకం కాదు. ఎన్ని ఏడుపులు చూశాను! ముద్దాయి ఏడిస్తే మొదట వాడి జేబు చూడమని మా అనంతపురంలో మా నాయన అనేవాడు. కానీ నేరం ఒప్పుకుంటూ, అందులో ఒక మాట మాత్రం ఒప్పుకోనని మొండికేసినవాణ్ని అంతవరకూ చూడలేదు. అబద్ధమాడేవాడు మొత్తం అబద్ధమాడతాడు, సగం ఆడడు. అందుకే అనుమానం దిశ మార్చుకుంది.

మా సీనియర్ రంగారావు గారికి చెప్పాను. ఆయన అప్పుడు బత్తాయి వొలుచుకుంటున్నారు.

"అమ్మా, నువ్వు ప్రాసిక్యూషనా, డిఫెన్సా?"

"ప్రాసిక్యూషనే సార్. అందుకే సాక్షి ఎవరో నాకు తెలియాలి."

"సాక్షి చార్జిషీటులో ఉన్నాడుగా."

"చార్జిషీటులో వాడు మూడేళ్లుగా పందొమ్మిదేళ్లవాడే సార్."

ఆయన ఒక తొన నోట్లో వేసుకుని, "అదృష్టవంతుడు," అన్నారు.

రంగారావు గారు లంచగొండి కాదు. ఆ మాట స్పష్టంగా రాయాలి. చెడ్డవాళ్లకంటే ఈ బత్తాయి రకంతోనే మీకు ఎక్కువ ఇబ్బంది. చెడ్డవాడితో పోట్లాడవచ్చు. "అదృష్టవంతుడు" అన్నవాడితో ఏం పోట్లాడతారు?

ప్రొఫెసర్ గారి పరిశీలన

పుస్తకాలు అశ్లీలమా కాదా అని చెప్పడానికి ఒక విద్వాంసుణ్ని సాక్షిగా వేసుకుంటే బాగుంటుందని ఎస్సై సలహా. విద్వాంసుడంటే ఎవరు, ఊరేగింపు తీసిన ప్రొఫెసర్ గారే. కోర్టు అనుమతితో, సీలు వేసిన కట్ట కానిస్టేబుల్ చేత పట్టించుకుని క్యాంపస్‌కు వెళ్లాను. నేను అక్కడే లా చదివిన రోజుల్లో ఆ చెట్లకింద గంటలు గంటలు వాదించుకునేవాళ్లం. ఇప్పుడు అదే దారిలో బూతు పుస్తకాల కట్టతో నడుస్తున్నాను.

ప్రొఫెసర్ గారు కట్ట వైపు చూడలేదు. "చూడనవసరం లేదమ్మా. ఇవి సమాజానికి విషం. అలా రాసుకోండి."

"చదవకుండా ఎలా చెబుతారు సార్? క్రాస్ ఎగ్జామినేషన్‌లో డిఫెన్సు లాయరు అడిగే మొదటి ప్రశ్నే అది."

"విషం తాగి చూస్తామా?"

"ల్యాబులో పరీక్ష చేస్తారు కదా సార్. తాగమనడం లేదు, చూడమంటున్నాను."

ఆయన లేచి తలుపు దగ్గరగా వేశారు. తర్వాత గొంతు తగ్గించి, "అయితే కట్ట ఇక్కడ ఉంచి వెళ్లండి. నెమ్మదిగా... నాలుగు రోజులు పరిశీలించి రిపోర్టు రాస్తాను," అన్నారు.

ఉంచలేదు. కోర్టు సొత్తు, నా ఎదురుగానే చూడాలన్నాను. నా ఎదురుగా చూడటం ఆయనకు కుదరలేదు. కానిస్టేబుల్ తిరుగుదారిలో నవ్వాపుకోలేక కట్ట రెండుసార్లు కింద పెట్టాడు. ఆయన నిజంగా పరిశీలనకే అడిగి ఉండవచ్చు. నేను ప్రమాణం చేసి చెప్పలేను. అనుమానించడం నా ఉద్యోగం, అనుమానించాను.

చుక్కల మందు

ఆ చలికాలంలోనే ఒక ఆదివారం హబ్సిగూడలో ఒక బడి వరండాలో పోలియో చుక్కలు వేస్తున్నారు. మా కాలనీ ఆడవాళ్లం కొందరం సాయానికి కూర్చున్నాం. నా పని పిల్లల్ని వరసలో నిలబెట్టడం.

భుజం మీద ఒక పిల్లవాణ్ని ఎక్కించుకుని నరేశ్ వచ్చాడు. వెనకే చంకలో ఇంకో పిల్లతో ఒక అమ్మాయి.

నన్ను చూసి వాడు వెనక్కి తిరగబోయి ఆగాడు. "నమస్తే మేడం."

"నమస్తే. ఎవరి పిల్లలయ్యా వీళ్లు?"

"అక్క పిల్లలు మేడం."

భుజం మీది పిల్లవాడు వాడి జుట్టు గట్టిగా పట్టుకుని, "నాయ్నా, గా అమ్మ సూది ఇస్తదా?" అన్నాడు.

వెనకున్న అమ్మాయికి మండింది. "ఏందీ? అక్క పిల్లలా? కన్నది నేను, అక్క ఎవలు నీకు? మేడం, ఈయనకు అక్కనే లేదు!"

వరసలో ఆడవాళ్లంతా నవ్వారు. నేను నవ్వలేదు. ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టి, నీళ్లు ఇచ్చి, మాట్లాడాను. దాపరికం తెలియని పిల్ల. పెళ్లయి ఐదేళ్లు అవుతుందట. పెద్దవాణ్ని వచ్చే ఏడు బడిలో వేయాలట. మొగుడికి సుధాకర్ సార్ వీడియో దుకాణంలో పని.

"ఏం పని?"

"క్యాసెట్లు ఇండ్లకు ఇచ్చి వస్తడు మేడం. సారు పిలిస్తె ఠాణాకు పోతడు. గవాయి చెప్పేది ఉంటదంట."

గవాయి అంటే సాక్ష్యం. అంటే దాడిని చూసిన గౌరవనీయుడు యజమాని, పుస్తకం కొన్న పసివాడు ఆయన జీతగాడు.

మర్నాడు కోర్టు నుంచి వచ్చేటప్పుడు ఆ వీడియో దుకాణం ఎదురుగా రోడ్డుకు అవతల, చెరుకురసం బండి దగ్గర నిలబడ్డాను. బడి వదిలే వేళ. యూనిఫారాల్లో ఉన్న పిల్లలు, మీసాలు కూడా మొలవనివాళ్లు, ముందు గదిలో ఆగకుండా తెర తీసుకుని వెనక గదిలోకి పోయారు. వచ్చేటప్పుడు బ్యాగులు ఛాతీకి ఆనించి పట్టుకుని వచ్చారు. లోపల ఏం తీసుకున్నారో నేను చూడలేదు కాబట్టి చూశానని రాయను. కానీ కార్టూన్ క్యాసెట్టు తీసుకున్న పిల్లవాడు అటూ ఇటూ చూస్తూ రోడ్డు దాటడు.

ఎస్సై భాస్కర్‌ను పిలిపించాను.

"సుధాకర్ దుకాణం ఎప్పుడైనా చూశారా?"

"ఆయన మనోడే మేడం. శాంతి సంఘంల ఉన్నడు. మంచి ఆద్మీ."

"వెనక గది చూశారా?"

"కంప్లైంట్ ఎవరిచ్చిన్రు మేడం? కంప్లైంట్ లేకుండ ఎట్ల పోతం?"

"మల్లేశం మీద ఎవరిచ్చారప్పా?"

అతను టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "మేడం, మీరు ఊకె దిమాక్ ఖరాబ్ చేసుకుంటున్రు. వాడు అమ్మిండా లేదా? అమ్మిండు. ఒప్పుకున్నడు గూడ. ఎవరికి అమ్మితే ఏంది? రేపు పిల్లలకు గూడ అమ్మడని గ్యారంటీ ఏంది?"

ఈ వాదన మీకు జీవితమంతా వినబడుతుంది. తప్పు చేసినవాడే కదా, ఇంకొంచెం తప్పు వాడి నెత్తిన పెడితే ఏమిటి అని. చూడటానికి న్యాయంగానే ఉంటుంది. కానీ పెద్ద దొంగలు దాక్కునేది సరిగ్గా ఆ 'ఇంకొంచెం' వెనకే. మల్లేశం మీద 293 నిలిస్తే ఊరేగింపుకు జవాబు దొరుకుతుంది, వెనక గది తెర అలాగే ఉంటుంది. పిల్లల కోసం పెట్టిన చట్టం, పిల్లలకు క్యాసెట్లు ఇచ్చేవాడికే గొడుగు పట్టింది.

బోనులో పసివాడు

విచారణ రోజున నరేశ్ గళ్ల చొక్కా వేసుకుని, మీసం గీసుకుని వచ్చాడు. ఆ మీసం గీయించింది ఎవరో నాకు తెలుసు.

నా సాక్షి. నేనే ప్రశ్నలు వేయాలి. ప్రాసిక్యూటర్ పని శిక్ష వేయించడం కాదు, నిజాన్ని కోర్టు ముందు పెట్టడం అని మీరు పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటారు. ఆ వాక్యాన్ని నిజంగా వాడాల్సి వచ్చినప్పుడు మార్కులు వేసేవాళ్లు ఉండరు. వెనక బెంచీలో రంగారావు గారు కూర్చుని ఉన్నారు.

"నీ వయసెంత?"

"పందొమ్మిది మేడం."

"పెళ్లయిందా?"

ఎస్సై ముందుకు వంగాడు. నరేశ్ అటు చూశాడు.

"అటు కాదయ్యా, జడ్జిగారి వైపు చూసి చెప్పు. పెళ్లయిందా?"

"...అయింది."

"పిల్లలు?"

"ఇద్దరు."

"పెద్దవాణ్ని బడిలో వేస్తున్నావటగా. నీకు పందొమ్మిదేళ్లయితే పెళ్లినాటికి పద్నాలుగు. మగవాడికి ఇరవై ఒకటి నిండకుండా పెళ్లి చేస్తే, చేసినవాళ్ల మీద కేసు అవుతుంది తెలుసా? మీ నాయన బతికే ఉన్నాడా?"

"మా నాయ్నను ఎందుకు తెస్తరు మేడం!" వాడు ఏడుపు గొంతుతో అన్నాడు. "నాకు ఇరవై ఆరు. సుధాకర్ సారు పందొమ్మిది అని చెప్పమన్నడు. నేను ఎన్నడు పుస్తకం కొనలే. నాకు చదువే రాదు."

కోర్టులో ఎవరో పకపకా నవ్వారు. డిఫెన్సు లాయరు అప్పుడు లేచి, "నో క్రాస్ యువర్ ఆనర్," అని కూర్చున్నాడు. జీవితంలో అంత సులువుగా అతను ఎప్పుడూ ఫీజు సంపాదించి ఉండడు.

వరండాలో రంగారావు గారు నన్ను ఆపారు. "ప్రాసిక్యూషన్ కేసును ప్రాసిక్యూషనే ఉరి తీయడం నా సర్వీసులో ఇదే చూడటం."

"కేసు ముందే చచ్చిపోయింది సార్. నేను పంచనామా చేశానంతే."

ఆయన నవ్వలేదు. నాతో చాలాకాలం మాట్లాడలేదు కూడా.

సందేహం

తీర్పు రోజున మల్లేశం ఇస్త్రీ చొక్కా వేసుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ పిల్ల తండ్రి చెయ్యి వదలకుండా నిలబడింది.

మొదటి నేరానికి జడ్జిగారు జరిమానా వేశారు. రెండో నేరం విషయంలో, ప్రాసిక్యూషన్ సాక్ష్యం నమ్మదగినదిగా లేనందున, సందేహ లాభం కింద ముద్దాయిని విడుదల చేస్తున్నామన్నారు. పుస్తకాలు ధ్వంసం చేయమన్నారు. నరేశ్ చేత అబద్ధం చెప్పించింది ఎవరన్న ప్రశ్న తీర్పులో లేదు. సుధాకర్ పేరు పంచ్ సాక్షిగా తప్ప ఇంకెక్కడా లేదు. నేను పై అధికారులకు విడిగా రాశాను. దానికి జవాబు రాలేదు. ఎస్సై వేరే ఠాణాకు వెళ్లాడు. వెనక గది తెర మారిందని, కొత్త తెర ముదురురంగుదని మా అమ్మాయి ఒకసారి చెప్పింది.

మల్లేశం వరండాలో నా కోసం ఆగాడు.

"మేడం, సందేహ లాభం అంటే ఏంది?"

"నువ్వు పిల్లలకు అమ్మావని రుజువు కాలేదు. వదిలేశారు. మంచిదే కదా."

"అమ్మలే అని రాసిన్రా?"

"అలా రాయరు మల్లేశం. రుజువు కాలేదు అని రాస్తారు."

"అంటె సందేహం ఇంక ఉన్నట్టే గద?"

నేను శిక్షాస్మృతి మొత్తం తిరగేసి జవాబు చెప్పగలను, వాదనలో నన్ను గెలిచినవాళ్లు తక్కువ. ఆ రోజు మల్లేశం గెలిచాడు. చట్టం మనిషిని విడుదల చేస్తుంది, కడిగి ఇవ్వదు. ఆ సందేహాన్ని జడ్జిగారు మల్లేశానికే లాభంగా ఇచ్చేశారు, ఇంటికి తీసుకుపొమ్మని.

అతని కూతురు మాత్రం, "చాలు నాయినా, పోదాం పా," అంది.

జూన్ నెల

కాలేజీలు తెరిచారు. మా అమ్మాయి హిమజ ఇంటర్ రెండో సంవత్సరంలోకి వచ్చింది. జువాలజీ పుస్తకం కావాలని మల్లేశం దగ్గరికి పంపాను. కావాలనే పంపాను. మా కాలనీలో ఇద్దరు ముగ్గురు తల్లులు అతని దగ్గర కొనడం మానేశారని విన్నాను. కేసు నడిపిన ప్రాసిక్యూటర్ కూతురే అక్కడ కొంటే నోళ్లు మూతపడతాయని నా లెక్క.

పది నిమిషాల్లో తిరిగి వచ్చింది, ఖాళీ చేతులతో.

"పుస్తకం ఉందంట. ఇవ్వనన్నాడు."

"ఎందుకు?"

"నా వయసెంతని అడిగాడు. పదిహేడు అన్నా. అమ్మను తోలుకొని రా బిడ్డా అన్నాడు. నా ముందు వచ్చినమ్మాయిని కూడా అట్లే పంపేసినాడు."

విసురుగా చెప్పులు వేసుకుని వెళ్లాను. ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పేర్చి ఉన్నాయి, గోనెపట్టా లేదు. లెక్కల పుస్తకాలు, ఫిజిక్సు ముందువరసలో. జువాలజీ అతని వీపు వెనక, గోడకు ఆనించి ఉంది.

"ఏం మల్లేశం, పాఠ్యపుస్తకానికి కూడా వయసు అడుగుతున్నావట? ప్రభుత్వం అచ్చువేసిన పుస్తకమయ్యా అది!"

అతను లేచి నిలబడ్డాడు. పుస్తకం తీసి, ఒక చోట తెరిచి చూపించాడు. ప్రత్యుత్పత్తి పాఠం. మనిషి శరీరం బొమ్మలు, గీతలు, పేర్లు.

"గిదాంట్ల గివి ఉన్నయ్ మేడం."

"అది సైన్సు. చట్టంలోనే మినహాయింపు ఉంది."

"మీకు ఎరుకే. ఎస్సైకి ఎరుకుంటదా? ఎదురింటామెకు ఎరుకుంటదా?"

హిమజ చెయ్యి చాపింది. అతను పుస్తకం మూసి, ఆ చేతిని దాటించి, నా చేతిలో పెట్టాడు.

"మీకే అమ్మిన మేడం. బిడ్డకు గాదు. రేపు ఎవరన్న అడిగితే గట్లనే చెప్పుండ్రి."